నాలుగు థౌలు తక్కువ

తెనాలి,
18-10-1970

జైనబ్‌కి,

నీ ఉత్తరం చేరి పది రోజులయింది. దసరా పనుల్లో పడి జవాబు రాయలేదు. కోప్పడకు.

బాబాయి వర్క్‌షాపులో నేనేం చేస్తున్నానని అడిగావు. ఇక్కడే పనిచేసే మీ హనీఫ్ అన్నయ్యను అడిగితే నవ్వి ఊరుకున్నాడని రాశావు. సరే, నేనే చెబుతాను.

విమానంలో సీట్లను నేలకు మేకులతో కొట్టరు. నేల పొడవునా ఒక లోహపు పట్టా పరుస్తారు. దాని మీద అంగుళానికొక గుండ్రటి కన్నం, కన్నానికీ కన్నానికీ మధ్య సన్నటి గాడి. సీటు కాలి అడుగున బొత్తాం తలలాంటి బుడిపె ఉంటుంది. దాన్ని కన్నంలోకి దింపి అరంగుళం తోస్తే తల గాడి కింద ఇరుక్కుంటుంది. ఇక పైకి రాదు. అప్పుడు పక్క కన్నంలోకి ఒక పిన్ను దించుతారు. పిన్ను ఉన్నంతకాలం సీటు ముందుకీ వెనక్కీ జరగదు. పిన్ను వదులైతే మాత్రం అరంగుళం జరిగినా చాలు, తల మళ్ళీ కన్నం కిందికి వచ్చి సీటు ఊడిపోతుంది. మేం చేసేది ఆ పిన్నే. నా చిటికెన వేలి చివరి కణుపంత ఉంటుంది. హైదరాబాదులో సీట్లు తయారుచేసే కంపెనీ ఒకటి ఈ పని మాకిచ్చింది. మా షాపులో విమానం ఎక్కినవాడు ఒక్కడూ లేడు.

కాగితాలన్నీ ఇంగ్లీషులో వస్తాయి కాబట్టి బాబాయి నన్ను కూర్చోబెట్టాడు. చదివి చెప్పడం, కొలత చూడడం నా పని. కొలతకు గేజి ఉంది. ఉక్కు బిళ్ళ, రెండు సందులు. మంచి పిన్ను మొదటి సందులో దిగాలి, రెండో సందులో దిగకూడదు. అలా ఉన్నవాటిని డబ్బాలో పెట్టి చీటీ మీద సంతకం చేస్తాను. నోరు తెరవక్కర్లేని ఉద్యోగం. నాకు సరిపోయింది.

ఆయుధపూజ బాగా జరిగింది. బొట్లు పెట్టే పని నాకే వచ్చింది. లేతు మెషీనుకు, డ్రిల్లుకు, ఆకురాళ్ళకు, సుత్తులకు, చివరికి నా గేజికి కూడా గంధం, కుంకుమ పెట్టాను. గంధం పలచనై కారింది. అద్దకం పని చేసినట్టుంది నీ వాలకం అని పిన్ని నవ్వింది. బాబాయి పట్టింపు నీకు తెలుసు కదా. పూజ బొట్టు చేత్తో తుడవకూడదు, దానంతటది రాలాలి.

ఈ వారం పిన్నులు బిగుతుగా వస్తున్నాయి. మీ అన్నయ్య ఒక్కొక్కదాన్నీ ఎమరీ కాగితంతో రుద్ది దింపుతున్నాడు. నూట అరవై పిన్నులు. పాపం, వేళ్ళు కందిపోయాయి. వచ్చే శనివారం ఇంటికి వస్తే కాస్త కొబ్బరినూనె రాయి.

లైబ్రరీలో కొత్త పుస్తకాలు వచ్చాయి. చదివాక పంపుతాను.

చంద్రకళ


రేపల్లె,
4-11-1970

చంద్రా,

నీ ఉత్తరం అబ్బాకి చదివి వినిపించాను. ఇక చూడు, ఆయన వీధి వీధంతా చెప్పొచ్చాడు. చేపల వెంకటసుబ్బులు గంప దించి, “అయితే మీవోడు విమానం నడుపుతాడా సాయిబూ?” అంది. “నడపడమ్మా, కూర్చున్నోళ్ళు పడకుండా చూస్తాడు” అన్నాడు అబ్బా. “ఆ మాత్రానికి మా రిక్షావోడు చాలడా!” అని గంపెత్తుకుని పోయింది. అబ్బాకి రెండు రోజులు కోపం తగ్గలేదు.

కాన్వెంటు బండి తోలిన బుడే సాహెబు కొడుకు విమానాలకు పని చేస్తున్నాడంటే ఆయనకు ఎంత గొప్పో నువ్వు ఊహించలేవు. మదర్ మనిద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టిన రోజున కూడా ఆయన ముఖం ఇంతగా వెలగలేదు.

పిన్నులన్నీ హైదరాబాదు వెళ్ళిపోయాయని అన్న చెప్పాడు. వేళ్ళు చూశాను. నూనె రాస్తే “ఏంటే, నన్నేమన్నా పెళ్ళికొడుకును చేస్తున్నావా?” అన్నాడు. నీ గురించి అడిగాను. “చంద్రమ్మా? ఆవిడకు మాటెందుకు, చీటీ చాలు. మంచినీళ్ళు కావాలన్నా కాగితం మీద రాసి చూపిస్తుంది” అన్నాడు. క్లాసులో హాజరు చెప్పడానికి కూడా నన్ను చెయ్యెత్తమనేదానివి. ఇంకా మారలేదన్నమాట.

ఉపవాసాలు మొదలై నాలుగు రోజులయింది. అబ్బాకి దగ్గు తగ్గలేదు, అయినా వదలనంటాడు.

నీకొక్కదానికే చెబుతున్నాను. వచ్చే జూన్‌లో నన్ను బాపట్ల ట్రైనింగు స్కూల్లో చేర్పిస్తానన్నాడు అన్న. “నువ్వు టీచరమ్మవైతే నేను బెత్తం తయారుచేసి ఇస్తా” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నా క్లాసులో బెత్తం ఉండదు.

పుస్తకాలు పంపు. ఏడిపించేవి వద్దు.

నీ జైనబ్


తెనాలి,
7-3-1971

జైనబ్‌కి,

ఇది చేరేసరికి మీ అన్నయ్య రేపల్లెలో ఉంటాడు. తనేం చెప్పాడో నాకు తెలియదు. జరిగింది రాస్తున్నాను.

జనవరి నెలాఖరున ఉత్తరాదిన ఒక విమానం దిగేటప్పుడు నేలకు గట్టిగా తగిలిందట. విమానానికి ఏమీ కాలేదు. లోపల మూడు సీట్లు ముందుకు జరిగాయి. ఒకటి ఊడి వచ్చింది. అందులో కూర్చున్న పెద్దాయన మెడ విరిగి అక్కడే చనిపోయాడు.

ఆ సీట్లకున్నవి మా పిన్నులు.

గురువారం హైదరాబాదు నుంచి కంపెనీ తరఫున ఇన్‌స్పెక్టరు కోటేశ్వరరావు గారు వచ్చారు. వెనక్కి తెప్పించిన పిన్నులు బల్ల మీద పోశారు. నా గేజి అడిగి తీసుకున్నారు. ఒక్కొక్క పిన్నూ మొదటి సందులో దిగింది, రెండో సందులోనూ దిగింది. పడిన చప్పుడు అందరికీ వినిపించింది. అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్కను ఇక్కడ థౌ అంటారు. ప్రతి పిన్నూ నాలుగు థౌలు తక్కువ ఉంది. ఒంటి మీద ఎమరీ గీతలున్నాయి.

“వీటిని రుద్దిందెవరు?” అన్నారు.

“నేనేనండి” అన్నాడు మీ అన్నయ్య.

“ఎవరు రుద్దమన్నారు?”

“ఎవరూ అన్లేదండి. బిగుతుగా ఉన్నాయని నేనే రుద్దాను.”

బాబాయి కలగజేసుకున్నాడు. “రంజాను నెలండి అది. పొద్దుటి నుంచి మంచినీళ్ళయినా ముట్టడు. కళ్ళు తిరుగుతుంటే కొలతేం తెలుస్తుందండి?”

“చీటీ మీద ఈ సంతకం ఎవరిది?”

“మా అన్నగారి అమ్మాయిదండి. చిన్నపిల్ల. వాడు ఇచ్చినవి డబ్బాలో పెడుతుంది, అంతే.”

ఇన్‌స్పెక్టరు నావైపు చూశారు. నన్నేమీ అడగలేదు. నేనేమీ చెప్పలేదు.

ఆ సాయంత్రమే మీ అన్నయ్యను పని మాన్పించారు. పని బట్టలు మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళాడు. గుమ్మం దగ్గర ఆగి, “వస్తా చంద్రమ్మా” అన్నాడు.

ఇంతకంటే రాయలేను.

చంద్రకళ


రేపల్లె,
15-3-1971

చంద్రా,

అన్న వచ్చి ఎనిమిది రోజులయింది. అబ్బాతో, అమ్మతో, నాతో ఒకటే మాట. “చెయ్యి తప్పింది.” ఇంకేమడిగినా లేచి బయటికి వెళ్ళిపోతాడు.

నేను నమ్మను. పదమూడేళ్ళప్పటి నుంచి ఆకురాయి పట్టినవాడు. ఒక్క పిన్నుకు చెయ్యి తప్పుతుంది, రెండింటికి తప్పుతుంది. నూట అరవైకీ సమానంగా నాలుగు థౌలే తప్పుతుందా?

ఇంకొకటి. మీ బాబాయి రంజాను నెల అన్నాడని రాశావు. నాకు ఎక్కడో తేడాగా ఉంది. ఆ పిన్నులు ఎప్పుడు రుద్దారు? నువ్వక్కడే ఉన్నావు కదా.

ఊళ్ళో సంగతి పాకింది. మొన్న మసీదు దగ్గర ఎవరో అబ్బాను, “మీవాడు చేసిన పనికి మనిషి పోయాడటగా” అని అడిగారు. అబ్బా ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. విమానం మాట ఇంట్లో ఎత్తొద్దన్నాడు. తెనాలిలో మూడు షాపులు తిరిగాడు అన్న. పేరు చెప్పగానే లేదన్నారు.

నువ్వు చూసింది చూసినట్టు రాయి. నీకు మాట రాదని తెలుసు, రాత వస్తుంది కదా.

జైనబ్


తెనాలి,
2-4-1971

జైనబ్‌కి,

నీ ఉత్తరం అందింది. నాకు ఒంట్లో బాగాలేదు, అందుకే ఆలస్యం.

తేదీలు నాకు సరిగ్గా గుర్తు లేవు. రిజిస్టరు బాబాయి దగ్గర ఉంది.

నీకోసం మూడు పుస్తకాలు విడిగా పోస్టు చేశాను. ఒకటి పిల్లలకు పాఠాలు చెప్పే పద్ధతుల గురించి. ట్రైనింగుకు పనికొస్తుంది. ఇక్కడ ఎండలు ముదిరాయి. మదర్ కనిపించి నిన్ను అడిగారు.

మీ అన్నయ్యకు త్వరలో ఎక్కడైనా పని దొరకాలని కోరుకుంటున్నాను.

చంద్రకళ


బాపట్ల,
23-5-1971

చంద్రకళకి,

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. పుస్తకాలు అందాయి. ట్రైనింగు లేదు.

నెల కిందట అన్నకు ఇక్కడ రాఘవయ్య గారి బియ్యం మిల్లులో పని దొరికింది. ఫిట్టరు పని కాదు, బస్తాలు మోయడం, మెషీనుకు నూనె వేయడం. ఆ పేరుతో ఇంకెక్కడా దొరకలేదు. సోమవారం నూనె వేస్తుంటే చొక్కా చెయ్యి బెల్టులో పడింది. కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. బొటనవేలు, చిటికెన వేలు మిగిలాయి.

నేను రేపల్లె నుంచి హడావిడిగా బయల్దేరేటప్పుడు నీ ఉత్తరాలున్న సంచీనే చేతికొచ్చింది. బట్టలు దాంట్లోనే కుక్కాను. ఇక్కడ రోజంతా చేయడానికేమీ లేదు. అన్నీ మళ్ళీ చదివాను.

అక్టోబరు పద్దెనిమిది నాటి ఉత్తరం నాలుగుసార్లు చదివాను. దసరాకు నీ గేజికి గంధం పెట్టావు. గంధం కారింది. మీ బాబాయి తుడవనివ్వడు. ఆ వారమే పిన్నులు బిగుతయ్యాయి. ఉపవాసాలు అప్పటికింకా మొదలే కాలేదు. అవి మొదలయ్యేసరికి పిన్నులు ఊళ్ళోనే లేవు.

అన్న మత్తు దిగి లేచాక ఉత్తరం ముందు పెట్టాను. “ఇది చదువు” అన్నాను. చదివి, “ఎందుకు దాచావే ఇవన్నీ?” అన్నాడు. అప్పుడు చెప్పాడు. ఒట్టు వేయించుకుని చెప్పాడు. ఆ ఒట్టు తీసేస్తున్నాను.

పూజ అయిన మర్నాడే అతనికి అనుమానం వచ్చిందట. పాత మంచి పిన్ను ఒకటి తెచ్చి గేజిలో పెడితే అది కూడా దిగలేదట. సందులో గంధం ఎండి అట్టకట్టి ఉందట. “చంద్రమ్మా, ఇది ఒక్కసారి గుడ్డతో తుడుస్తారా?” అని నిన్ను అడిగాడట. నువ్వు చీటీ రాసిచ్చావట. ‘వద్దు. బాబాయి కోప్పడతాడు. పిన్నే కొంచెం రుద్దండి.’ 

“నువ్వే తుడవొచ్చుగా అన్నా” అన్నాను.

“నేనా? పూజ బొట్టును సాయిబు తుడిచేశాడంటే ఆ షాపులో ఎలా ఉంటుందో నీకు తెలీదా?” అన్నాడు.

“మరి ఆ చీటీ ఏదీ?”

“పొయ్యిలో వేశాను.”

“ఇన్‌స్పెక్టరు అడిగినప్పుడు నోరెందుకు విప్పలేదు?”

“ఏమని విప్పను? ఆ పిల్ల పేరు చెప్పాలి. పూజ వల్ల మనిషి పోయాడని చెప్పాలి. ఆ మాట నేను అంటే మనల్ని ఉండనిస్తారా? ఆ పిల్లే చెబుతుందిలే అనుకున్నాను. చదువుకున్న పిల్ల, తెలియక చేసింది. చెబుతుందనుకుని చూశాను.”

చూశాడట, చంద్రా. గుమ్మం దగ్గర ఆగింది కూడా అందుకే.

నువ్వు తెలియక చేశావని నేను కూడా ఒప్పుకుంటాను. మార్చిలో మాత్రం నీకు తెలుసు. నీ ఉత్తరంలో తెలుస్తోంది. ‘నన్నేమీ అడగలేదు, నేనేమీ చెప్పలేదు’ అని రాశావు. నేను అడిగాను కదా. నాకు పుస్తకాలు పంపావు.

అక్టోబరు ఉత్తరం దీంతో పెడుతున్నాను. నేను కంపెనీకి పంపగలను. పంపితే సాయిబుల పిల్ల పగతో పంపిందంటారు. నీ రాత నువ్వే పంపుకో. పంపకపోతే చించెయ్యి. నా దగ్గర ఉండడం నాకిష్టం లేదు.

జైనబ్ బీ


కొలకలూరు,
11-7-1971

జైనబ్‌కి,

అవును. మార్చిలో నాకు తెలుసు.

ఇన్‌స్పెక్టరు గేజి తీసుకున్నప్పుడు దాని మీద చెక్కిన అంకెల్లో కుంకుమ ఇంకా ఎర్రగా ఉంది. సందుల్లోది మాత్రం పిన్నులు రాసుకుని ఎప్పుడో రాలిపోయింది. గేజి శుభ్రంగా ఉంది, సరిగ్గా చెప్పింది. ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. మీ అన్నయ్య నావైపు చూశాడు. నేను చీటీల కట్ట వైపు చూశాను. గొంతు రాలేదని చెప్పను. నేను రానివ్వలేదు.

నీ ఉత్తరం అందిన మర్నాడు బాబాయికి చెప్పాను. “నీకు మతి పోయిందా? ఆయుధపూజ చేస్తే మనిషి చచ్చాడని కాగితం మీద రాయిస్తావా? మన ఇంటి మీద?” అన్నాడు. “వాడు ఒప్పుకున్నాడు, పోయాడు. తవ్వకు” అన్నాడు. పిన్ని నా కాళ్ళు పట్టుకోబోయింది.

కంపెనీకి ఉత్తరం రాశాను. మూడు వారాలు జవాబు లేదు. జూన్ ఇరవై నాలుగున కోటేశ్వరరావు గారు వేరే పని మీద షాపుకు వచ్చారు. అక్టోబరు ఉత్తరం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. బాబాయి అక్కడే ఉన్నాడు. మెషీన్లు ఆపలేదు, అందుకని గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. గంధం పెట్టింది నేను, తుడవొద్దంది నేను, రుద్దమని రాసిచ్చింది నేను, సంతకం నాది అని చెప్పాను. హనీఫ్ గేజి లోపం ముందే పట్టుకుని తుడవమని అడిగాడని చెప్పాను.

ఆయన ఉత్తరం చదివారు. చాలాసేపు గేజిని అటూ ఇటూ తిప్పారు.

“పిన్నులు వెనక్కి తెప్పించాం. చేసినవాణ్ణి తీసేశారు. ఫైలు మూసేశామమ్మా” అన్నారు.

“తెరవండి” అన్నాను.

ఆయన నా చేత ఇంగ్లీషులో రాయించి సంతకం తీసుకున్నారు. వెళ్ళబోతుంటే, “చనిపోయినాయన పేరేంటండి?” అని అడిగాను. సంచీ తెరిచి కాగితాలు వెతికారు. “మా దాంట్లో సీటు నంబరే ఉంది” అన్నారు.

వారం తిరక్కుండా కంపెనీ పని రద్దు చేసింది. షాపులో తొమ్మిది మంది. నలుగురిని బాబాయి పంపించేశాడు. వాళ్ళలో సింగయ్య మా ఇంటి ముందు నిలబడి, “నీ నోరు ఇప్పుడే పెగలాలా అమ్మాయ్? పెగిలేదేదో అప్పుడే పెగిలితే ఆ ఒక్కడి పనీ పోయేది కాదు, మా పనీ పోయేది కాదు” అన్నాడు. అది నిజమో కాదో తెలియదు.

నన్ను ఇక్కడికి, మేనత్త ఇంటికి పంపారు. ఇంట్లో ఎవరూ తిట్టరు. ఎవరూ మాట్లాడరు కూడా.

మీ అన్నయ్య చేతి గురించి ఏం రాయాలో తెలియక నాలుగు కాగితాలు చించాను. క్షమించమని అడిగితే నువ్వు ఏదో ఒకటి అనాల్సి వస్తుంది. అందుకని అడగడం లేదు.

చంద్రకళ


రేపల్లె,
29-8-1971

చంద్రకళకి,

హైదరాబాదు నుంచి అన్న పేరున ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. పిన్నులు రుద్దింది అతని సొంత నిర్ణయం కాదని, గేజి లోపాన్ని అతను ముందే గమనించి చెప్పాడని, అతని పనితనంలో తప్పు లేదని. కింద ముద్ర, సంతకం. చదివి తెలుగులో చెప్పాను. ఇంకోసారి చదవమన్నాడు. అబ్బా ఆ కాగితం తీసుకుని మసీదు దగ్గరికి వెళ్ళాడు. చూపించడానికి మనుషుల కోసం మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాడు.

ఆ సంగతి తెనాలి కూడా చేరింది. పోయినవారం ఒక షాపు యజమాని, సుందరయ్య గారట, కబురు పంపాడు. హనీఫ్ లాంటి కన్నున్న ఫిట్టరు కావాలి, వెంటనే రమ్మను, జీతం మాట్లాడుకుందాం అని. వాళ్ళకు చెయ్యి సంగతి తెలియదు.

“జాబు రాసేస్తాను, రాలేడని” అన్నాను.

“పిలిచినాయనకు ముఖం చూపించి చెప్పాలి” అన్నాడు అన్న.

ఉతికిన చొక్కా వేసుకుని పొద్దుటి రైలుకు వెళ్ళాడు. కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. సుందరయ్య గారు కుర్చీ వేసి, కాఫీ తెప్పించి, ఒక డ్రాయింగు చేతికివ్వబోయాడట. అప్పుడు తీసి చూపించాడట. ఆయన డ్రాయింగు మడిచి పక్కన పెట్టేశాడట. “కాఫీ మాత్రం తాగే వచ్చానే” అన్నాడు ఇంటికొచ్చి.

మా వీధి పిల్లలకు నేను అక్షరాలు దిద్దిస్తుంటే ఇప్పుడు అన్న కూడా పక్కన కూర్చుంటున్నాడు. ఎడమచేత్తో తన పేరు రాయడం నేర్చుకుంటున్నాడు. ఇంకా వంకరగా వస్తోంది.

ఇంట్లో నిన్ను ఎవరూ ఏమీ అనలేదు. నీ ఉత్తరం అన్నకు చదివాను. సింగయ్య మాటల దగ్గర ఆపమన్నాడు.

నీకు సలాం రాయమన్నాడు అన్న. అతని మాట కాబట్టి రాశాను. నాది అనుకోకు.

జైనబ్ బీ